ఛీ మామయ్య చేతికొచ్చిన మొక్క

ఆయనకు అసలు పేరు ఒకటుండేది కానీ దానితో ఎవరికీ పెద్దగా పని పడలేదు. ఇంటా బయటా ఆయన ఛీ మామయ్యే. ఆ పేరు పెట్టింది మేనకోడలు, మాటలు వచ్చీ రాని వయసులో. మామయ్య గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పుల గూడును చూసి ఛీ అనేవాడు, తుడుచుకునే గుడ్డను చూసి ఛీ అనేవాడు, చీమిడి ముక్కుతో ఎదురొచ్చిన మేనకోడలిని చూసి కూడా అదే అనేవాడు. ఆ అక్షరం ఆయన పేరేమో అనుకుంది పిల్ల. నిజానికి పిల్ల పెద్దగా పొరబడిందీ లేదు.

ఆయన పని కళ్లజోళ్ల దుకాణంలో. చూపు పరీక్ష చేసేవారు వేరు, బేరమాడేవారు వేరు. వెనక గదిలో చిన్న దీపం కింద కూర్చుని అద్దాలు అరగదీసి చట్రంలో బిగించడం, వదులైన కాడలు సరిచేయడం ఈయన వంతు. బాగుకు వచ్చిన జోళ్లన్నీ ముందు ఆయన చేతిలో పడేవి. ముక్కు మీద ఆనే మెత్తల సందుల్లో పచ్చగా పేరుకున్న జిడ్డు, చెవుల వెనక కాడలకు అంటుకున్న గుమిలి, అద్దం అంచున ఎండిన తుమ్ము తుంపరలు. పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్లు, ఇస్త్రీ మడత నలగని వాళ్లు, అత్తరు గుబాళించేవాళ్లు అందరూ ఆయన దీపం కింద ఒకటే. రోజంతా అది గీకి, కడిగి, తుడిచి, సాయంత్రం మోచేతుల దాకా సబ్బు రాసుకుని, మనుషుల మీద మరికాస్త రోతతో ఇల్లు చేరేవాడు.

పెళ్లి కాలేదు. ఒక సంబంధం కుదిరినట్టే కుదిరింది. అమ్మాయి చక్కనిది, మాటకారి. మాట్లాడుతూ మాట్లాడుతూ చిటికెన వేలి గోరు కొరికి పక్కకు ఉమ్మింది. ఈయన చూపు ఆ గోరుతో పాటే నేల మీద పడింది, మళ్లీ పైకి లేవలేదు. "నిప్పులు కడిగేవాడికి పిల్లనెవరు ఇస్తారు, నీళ్లు వేస్ట్" అని బావ అప్పటినుంచీ ఎగతాళి చేస్తూనే ఉన్నాడు.

బావ బస్సుల షెడ్డులో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. గోళ్ల కింద నలుపు ఆయనతో పాటు రిటైర్ కాలేదు. చెయ్యి కడగమంటే ప్యాంటుకు తుడిచేవాడు, ప్యాంటు మార్చమంటే తిప్పి తొడిగేవాడు. ఇలాంటి మనిషిని అక్క ఎలా భరిస్తోందో ఛీ మామయ్యకు అర్థమయ్యేది కాదు. అన్నిటికీ ఇంత రోతపడే మనిషి తనకు తమ్ముడుగా ఎలా పుట్టాడో అక్కకూ అర్థమయ్యేది కాదు. బావ కుటుంబం మేడ మీద, ఆయన అదే మెట్ల కింద ఒంటి గదిలో. మధ్యలో అక్క నవ్వు ఒకటుండేది గనుక ఆ ఇల్లు నడిచింది.

అక్క వంటింటి కిటికీలో ఒక స్పైడర్ మొక్కను పెంచేది. ఆకుపచ్చ అంచులు, నడుమ తెల్లచార. కుండ నిండా ఆకులు గుబురుగా లేచి చుట్టూ వాలిపోయి ఉండేవి. మధ్యలోంచి సన్నటి తీగలు సాగి, వాటి కొసన పిల్లమొక్కలు వేలాడేవి. బావ దానికి జులపాలు అని పేరు పెట్టాడు. ఛీ మామయ్య కళ్లకు మాత్రం ఎవరో తల దువ్వుకుని కడగకుండా వదిలేసిన దువ్వెనలా కనిపించేది. అక్క ఆ పిల్లల్ని తెంపి వీధి వీధంతా పంచింది. ఒకటి తమ్ముడి గదిలో పెట్టబోతే, మట్టి అంటేనే పురుగులని ఆయన తలుపు అడ్డంగా నిలబడ్డాడు.

ఆ తర్వాత అక్క జబ్బు పడింది. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం తమ్ముణ్ణి దగ్గరకు పిలిచి, మొక్కను నువ్వే చూసుకోవాలంది. ఆయన తెల్లబోయాడు. మట్టిలో చెయ్యి పెట్టడం తన వల్ల కాదన్నాడు, బావ ఉన్నాడు, కూతురు ఉంది, వాళ్లకు చెప్పమన్నాడు.

"వాళ్లిద్దరికీ మొక్క పోయాక గానీ తెలీదురా" అంది అక్క. "నీకు కుళ్లు అందరికంటే ముందు కనపడుతుంది. నా జబ్బు అన్నం సయించకపోయాక తెలిసింది కదా అందరికీ. నా నోరు వాసనొస్తోందని నువ్వు అంతకుముందే అన్నావు. తిట్టుకున్నాను గానీ, నువ్వే నిజం చెప్పావు."

ఆ మాట ఆయన గొంతులో పచ్చి వెలక్కాయలా పడింది. మింగలేడు, కక్కలేడు. సరేనన్నాడు.

అక్క పోయాక రోజూ సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, మేడ ఎక్కడం మొదలుపెట్టాడు. తెలిసిన విద్య ఒకటే. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తడిపి, ఆకును అరచేతిలో పడుకోబెట్టి, మొదలు నుంచి కొస దాకా దుమ్ము తుడిచేవాడు. మట్టి మీద మాత్రం వేలు పెట్టేవాడు కాదు, చిన్న పుల్ల గుచ్చి తడి చూసేవాడు. పుల్ల పొడిగా వస్తే నీళ్లు, తడిగా వస్తే లేదు. కొన్నాళ్లు మొక్క బాగానే ఉంది. నిగనిగలాడింది కూడా. బావ దాన్ని చూసి, "మీ అక్క నీకు జీతం లేని మంగలి పని పెట్టింది" అన్నాడు.

తర్వాత ఆకుల కొసలు మాడాయి.

మొదట ఒకటీ అరా. గోధుమరంగు కొస, దాని వెనక సన్నటి పసుపు గీత. కత్తెరతో కొసను ఏటవాలుగా, పచ్చదనం మీద గాటు పడకుండా వెంట్రుకవాసి మాడును వదిలి కత్తిరించాడు. కొత్తవి మాడాయి. కుళాయి నీళ్లను అనుమానించాడు. మందు వాసన వేసే నీళ్లు, కెటిల్ అడుగున తెల్లగా అట్టకట్టే నీళ్లు, మొక్కకు మాత్రం మంచివా? డాబా మీద బకెట్ పెట్టి వాన నీళ్లు పట్టాడు. అందులో పావురాల రెట్ట, తోకలాడించే దోమ పిల్లలు. ఒళ్లు జలదరిస్తుండగా గుడ్డలో వడకట్టి పోశాడు. కొసలు మాడుతూనే ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగులుతోందేమోనని కిటికీలోంచి తీసి, వెలుతురు మాత్రమే పడే బల్ల మీదకు మార్చాడు. కొసలు మాడడం ఆగింది కానీ అడుగు ఆకులు పచ్చబడి మెత్తబడ్డాయి.

ఆపైన నుసుములు వచ్చాయి. ఆవగింజలో సగం లేని నల్లటి ఈగలు. కుండ కదిపితే గుప్పున లేచేవి. కూరలో పడేవి, నీళ్లలో పడేవి, ఆవులిస్తే నోట్లో పడేవి. ఛీ మామయ్య మేడ మీద తిండి మానేశాడు. బావ మాత్రం కంచంలో తేలిన దాన్ని వేలితో తీసి బల్ల అంచుకు రాసి, అదే వేలితో తినడం సాగించాడు. అదేమని అడిగితే, "పోనీలేరా, మీ అక్క మొక్క మీంచి వచ్చింది, మీ వైపు చుట్టమే" అన్నాడు. ఆ మాటకు మేనకోడలు నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఊరుకోలేక మొక్కల నర్సరీ అతని దగ్గరకు వెళ్లాడు. అతను వచ్చి, పళ్ల మధ్య అగ్గిపుల్ల ఆడిస్తూ ఆకులు చూసి, ఇరుకైపోయింది, ఇల్లు మార్చాలి అని తేల్చాడు. ఒక పెద్ద కుండ, ఒక ఎరువు పొట్లం అంటగట్టి, పాత మట్టి ముద్దను అలాగే పెద్ద కుండలో దింపి చుట్టూ కొత్త మట్టి నింపి పోయాడు. అగ్గిపుల్లను ఆ మట్టిలోనే గుచ్చి పోయాడు. ఛీ మామయ్య దాన్ని కాగితంతో పట్టుకుని తీసి పారేశాడు. కొరివితో తల గోక్కున్నానని ఆయనకు త్వరలోనే తెలిసింది. పెద్ద కుండ, పెద్ద తడి. ఆరడమన్నదే లేదు.

ఇక్కడే ఒక ఎటూ తేలని సంగతి వచ్చిపడింది. ఆయన నీళ్లు పూర్తిగా మానేశాడు. వారం గడిచినా పుల్ల తడిగానే వచ్చింది. మేనకోడలిని అడిగితే, ఆఫీసుకు పోయి వచ్చేసరికే ప్రాణం పోతోంది, మొక్క సంగతి తనకేం తెలుసని విసుక్కుంది. కప్పులోంచి కారుతోందేమోనని పైకి చూశాడు, కప్పు పొడిగా ఉంది. ఈలోగా మట్టి మీద తెల్లటి బూజు పరుచుకుంది. చీమలు బారు కట్టాయి. మంచి మట్టికి వాన వాసన ఉంటుందంటారు. దీనికి విరిగిపోయిన పాలను గుడ్డలో మూటకట్టి మరిచిపోయిన వాసన ఉంది. ఆయన ముక్కు మూసుకుని, కళ్లజోళ్ల మధ్య గడిపిన బతుకులో ఇంత రోత ఎరగనని అనుకున్నాడు.

దుకాణానికి సెలవు వచ్చిన ఒక ఉదయం, చీమల మందు తీసుకుని పెందలాడే మేడ ఎక్కాడు. వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

బావ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో గాజు గ్లాసు. టీ ఊదుకుంటూ, చప్పుడు చేస్తూ తాగుతున్నాడు. సరిగ్గా సగం కాగానే ఆపాడు. గ్లాసును బుగ్గకు ఆనించి వేడి చూసుకున్నాడు. ఇంకా రెండుసార్లు ఊదాడు. తర్వాత ఆకుల్ని ఒక చేత్తో, జుట్టు పక్కకు తీసినట్టు, మెల్లగా పక్కకు తీసి, మిగిలిన సగం మొక్క మొదట్లో పోశాడు. మీగడ తరక గ్లాసు అంచుకు అంటుకుంటే వేలితో తీసి అదీ మట్టికి రాశాడు.

"చల్లారిందిలే" అన్నాడు, మొక్కతో.

ఛీ మామయ్య చప్పుడు చేయకుండా మెట్లు దిగిపోయాడు. గదిలో మంచం మీద కూర్చున్నాడు. ఎంగిలి! అక్క చేతి మొక్కకు, తను ఆకాకూ తుడిచిన మొక్కకు, బావ మీసాలు ముంచిన ఎంగిలి పాలూ పంచదారా! పైకి వెళ్లి ఆ గ్లాసును ఆయన నెత్తి మీదే బోర్లించాలన్నంత కోపం వచ్చింది.

కోపం ఆరేలోపు ఇంకోటి గుర్తొచ్చింది. పెళ్లయిన నాటి నుంచీ బావా అక్కా ఒకే గ్లాసులో టీ తాగేవారు. మొదటి సగం బావది, రెండో సగం అక్కది. నీకు అసహ్యం వేయదా అని తను ఒకసారి ముఖం చిట్లించి అడిగితే అక్క పడీ పడీ నవ్వింది. తన నాలుక వేడి ఓర్వదట. ఊది చల్లార్చే పనికి మొగుణ్ణి పెట్టుకుందట. జీతం కింద సగం టీ ఇస్తోందట.

మొక్క కుళ్లుతున్నది అందుకు. సంగతి తెలిసింది కానీ పని తేలిక కాలేదు. చెప్పకపోతే మొక్క బతకదు. చెబితే, అక్కకు పోస్తున్నాననుకుని ఆమె మొక్కను తన చేత్తోనే చంపానని ఆ మొద్దు మనిషికి తెలుస్తుంది. మొక్క చచ్చినా, మనిషి చితికినా అక్కకు తను ఇచ్చిన మాట పోయినట్టే.

బావ బజారుకు వెళ్లడం చూసి మళ్లీ పైకి వెళ్లాడు. ఆకుల మొదలు పట్టుకుని కొంచెం కదిపితే, ఒక పక్క గుత్తి మొత్తం వదులుగా ఊడి చేతికొచ్చింది. అడుగున నల్లటి జిగురు. ఇక ఆగడానికి లేదు. మేనకోడలి చేత బాల్కనీలో పాత కాగితాలు పరిపించి కుండను బోర్లించాడు. మట్టి రాలలేదు, ముద్దగా జారింది. వాసనకు మేనకోడలు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది.

"వదిలెయ్ మామయ్యా. ఎదురింటి టైలరమ్మ దగ్గర దీని పిల్లే ఉంది కదా. ఒకటి తెంపి ఇమ్మంటే ఇస్తుంది. అదైనా ఇదైనా ఒకటే మొక్క."

"టైలరమ్మ మొక్కని చూసుకోమని మీ అమ్మ నాకు చెప్పలేదు" అన్నాడాయన.

గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. ఏ వేరు గట్టిదో ఏది కుళ్లిందో వాటిలోంచి తెలియలేదు. ఊడబీకి పక్కన పడేశాడు. కళ్లు మూసుకుని ఉత్త వేళ్లు దించాడు. చల్లగా, వెచ్చగా, రెండూ కలిసినట్టు ఏదో వేళ్ల సందుల్లో జారింది. దారపు ముక్కల్లాంటి పురుగులు, తలలు నల్లవి, మణికట్టు మీదకు పాకాయి. రెండుసార్లు ఓకరించాడు. రెండోసారి లేచి వెళ్లి, ముఖం కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఈ మొక్క వేళ్లు బాగున్నప్పుడు తెల్లగా, బొద్దుగా, ముల్లంగి పిల్లల్లా ఉంటాయి. నీళ్లు దాచుకునేది వాటిలోనే. ఇప్పుడు పట్టుకుంటే పైతోలు ఊడి, లోపలి నార దారంలా మిగులుతోంది. ఒక్కొక్కటే నొక్కి చూస్తూ, మెత్తనిదాన్ని కోస్తూ, కోసినప్పుడల్లా కత్తెరను తుడుస్తూ పోయాడు. ఇంట్లో అందరూ జులపాలు అన్న అంత గుబురులో ఒక చిన్న గుత్తి మిగిలింది. నాలుగు ఆకులు, గట్టిగా ఉన్న వేళ్లు పిడికెడు కూడా లేవు.

అప్పుడే బావ సంచితో వచ్చాడు. బాల్కనీ గుమ్మంలో నిలబడి, కాగితాల మీద నల్లటి ముద్దను, బావమరిది చేతుల్ని మార్చి మార్చి చూశాడు.

"ఏరా, చంపేశావా దాన్ని" అన్నాడు. నీళ్లు ఎక్కువ పోసి ఉంటాడని, చేతిగుణం మంచిది కాదని, తుడిచి తుడిచి ఆకుల తోలు ఊడగొట్టాడని తిట్టాడు. ఛీ మామయ్య తల ఎత్తలేదు. అక్కడితో అయిపోతే ఆ నింద మోసి ఊరుకునేవాడే. కానీ బావ కింద కూర్చుని, మిగిలిన నాలుగాకుల్ని చూసి, మెత్తగా అన్నాడు.

"తిండి చాలలేదేమోరా దీనికి. నేను రోజూ సగం గ్లాసే పోస్తున్నా. రేపటి నుంచి నిండుగా పోస్తాను."

మేనకోడలు నోరు తెరిచింది. ఛీ మామయ్య చూపుతోనే ఆపాడు.

"బావా" అన్నాడు. "టీ అక్క తాగేది. మొక్క తాగదు."

బావ సంచి కింద పెట్టలేదు. కూరగాయల బరువుకు అది చేతిలో తిరుగుతూ ఉంది.

"నా వల్లేనా?"

"పెద్ద కుండ కొన్నది నేను. అందులో మట్టి ఆరదు. కాస్త నీ వల్ల, కాస్త నా వల్ల."

సగం నిజం. సగం నిజమని బావకు తెలిసినట్టే ఉంది. ప్యాంటుకు చేతులు తుడుచుకున్నాడు, తడి లేకపోయినా.

"సగం టీ పెట్టడం నాకు చేతకాదురా" అన్నాడు చివరికి. "చెయ్యి దానంతట అదే గ్లాసుకి కొలుస్తుంది. సగం దాటి తాగబుద్ధి కాదు. సింకులో పొయ్యబుద్ధి కాలేదు. మరి ఆ సగం ఏం చెయ్యను?"

ఛీ మామయ్య తన చేతుల కేసి చూసుకున్నాడు. మోచేతుల దాకా నలుపు, గోళ్ల కింద కుళ్లు, మణికట్టు మీద ఇంకా ఒక పురుగు. ఇంతకంటే దిగజారడానికి ఏం మిగిలిందనిపించింది. మిగిలిందని మర్నాడు తెలిసింది.

మర్నాడు దుకాణానికి పోయే ముందు మేడ ఎక్కి బల్ల ముందు కూర్చున్నాడు. బావ ఎప్పటిలా ఊదుకుంటూ, చప్పుడు చేస్తూ, సగం దాకా తాగి, గ్లాసును బుగ్గకు ఆనించి చూసి, ఆయన ముందుకు జరిపాడు. అంచున పెదవి ఆనిన చోట తడి మెరుస్తోంది. మీగడ తరక మీద ఏదో నలుసు తేలుతోంది, మీసానిదో మరి దేనిదో. ఛీ మామయ్య జేబురుమాలు తీశాడు. బావ చూస్తున్నాడు. రుమాలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కళ్లు మూసి, ఊపిరి బిగబట్టి, ఆముదం తాగినట్టు తాగాడు. తరక నాలుక మీద ఒకసారి ముడుచుకుని లోపలికి జారింది.

"ఎలా ఉంది?" అని అడిగాడు బావ.

"ఘోరంగా ఉంది."

"రేపు పంచదార తగ్గిస్తాలే."

"పంచదార కాదు. రేపు మీసాలు కడుక్కుని తాగు."

బావ నవ్వబోయాడు, నవ్వు సగంలో ఇంకేదో అయింది. గ్లాసు తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్లి చాలాసేపు అటే తిరిగి కడిగాడు. ఆ ఇంట్లో ఆయన గ్లాసు కడగడం ఎవరూ అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత ఏ ఒక్కరోజూ ఛీ మామయ్య ఆ సగాన్ని తప్పించుకోలేదు. అలవాటైపోయి ఉంటుందని ఎవరైనా అంటే నమ్మడానికి లేదు. ప్రతి ఉదయమూ అంతే రోత, అంతే ముఖం, మెట్లు దిగుతూ అంతే గట్టిగా పుక్కిలించి ఉమ్మడం.

చిన్న కుండలో, అడుగున బెజ్జాలు పెట్టి, ఇసుక కలిపిన పొడి మట్టిలో నాటిన ఆ నాలుగాకులూ చాలాకాలం అటూ ఇటూ తేలకుండా ఉండిపోయాయి. ఒకటి పండి రాలింది. మిగతా మూడూ గట్టిబడలేదు, వాడిపోలేదు. ఒక పూట టీ అయ్యాక, బావ గ్లాసు కడుగుతుండగా, ఛీ మామయ్య పుల్ల కోసం వెతికాడు. కనబడలేదు. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి తీశాడు. వేలికి ఏమీ అంటలేదు, సన్నటి పొడి తప్ప.

"ఎండింది బావా" అన్నాడు. "కాసిని నీళ్లు ఇలా పట్రా. ఉత్త నీళ్లే."